రబ్బరు ఫ్యాక్టరీ ముందు ధర్మాసనం

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం. అందులో స్కాగిన్స్ అనే ఊరు. మ్యాపులో వెతికితే దొరకదు. గ్రాహమ్ ఆనబుల్ అనే కార్టూనిస్టు బొమ్మల్లోంచి లేచి, టెల్‌టేల్ గేమ్స్ వారి చలవతో 2010లో ‘పజిల్ ఏజెంట్’ అనే వీడియోగేమ్‌లో వెలసిన ఊరది. ఎటు చూసినా మంచు. అక్కడ పెన్సిల్ రబ్బర్లు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. వైట్‌హౌస్‌కి రబ్బర్లు వెళ్ళేది అక్కడి నుంచే. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఫోర్‌మన్ మాయమయ్యాడు, అధ్యక్ష భవనంలో రబ్బర్లకు కటకట మొదలైంది. అమెరికా అధ్యక్షులు తమ తప్పుల్ని చెరుపుకోవడానికి అంత ఆత్రపడతారన్న ఒక్కటే ఈ కథలో నమ్మశక్యం కాని సంగతి. అడవిలో ఎర్రబట్టల మరుగుజ్జులు, ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యే వ్యోమగామి, పలకరిస్తే చాలు చిక్కుప్రశ్న విసిరే ఊరిజనం... ఇవన్నీ నమ్మేయొచ్చు.

దర్యాప్తుకు వచ్చినవాడు నెల్సన్ టెథర్స్. ఎఫ్‌బీఐలో పజిల్ పరిశోధన విభాగం అని ఒకటుంది. దానికి అధికారీ ఇతనే, గుమాస్తా ఇతనే, బంట్రోతూ ఇతనే. బుర్ర మొరాయిస్తే ఇతనికి చూయింగ్ గమ్ కావాలి. ఊళ్ళో కొత్త గమ్ము దొరకదు గనక, ఎవరెవరో నమిలి అక్కడా ఇక్కడా అంటించిపోయిన ముక్కలు పీక్కుని నములుతాడు. ముక్కకో హింటు. జవాబు సరిచూసేటప్పుడు ప్రజల పన్నుల సొమ్ము ఎంత ఖర్చయిందో లెక్క చూపిస్తారు. తప్పు చెప్పినకొద్దీ లెక్క పెరుగుతుంది. సర్కారీ ఆఫీసు పనితీరును ఇంత నిజాయితీగా చూపించిన గేమ్ నాకు మరొకటి తగల్లేదు.

సరిగ్గా ఏడాదికి, 2011 జూన్ 30న, రెండో భాగం వచ్చింది. ఫ్యాక్టరీ తెరుచుకుంది కాబట్టి కేసు మూసేయమంటుంది ఆఫీసు. టెథర్స్‌కి మనసు ఒప్పదు. ఫోర్‌మన్ ఏమైనట్టు? సెలవు పెట్టుకుని మళ్ళీ స్కాగిన్స్ బయల్దేరతాడు. పాపం, ఈసారి అక్కడ మరుగుజ్జులకన్నా భీకరమైన జాతి ఒకటి అతని కోసం కాచుక్కూచుని ఉందని అతనికి తెలీదు. వాళ్ళే, మొదటి భాగం ఆడినవాళ్ళు.

వీళ్ళ మొదటి ఫిర్యాదు ఏమిటంటే, ఊరు అదే ఊరుగా ఉందట. అవే వీధులు, అదే మంచు, అవే మొహాలు. నిజమే, ఘోరం జరిగిపోయింది. స్కాగిన్స్‌లో మనిషి తప్పిపోతే పోలీసు మళ్ళీ స్కాగిన్స్‌కే వెళ్ళాడు! హవాయి దీవులకు వెళ్ళి అక్కడి సముద్రపొడ్డున వెతికుంటే కొత్తదనం ఉండేది. ఫోర్‌మన్ దొరక్కపోయినా పోయేది, బ్యాక్‌గ్రౌండు మారేది. పోనీ మార్చారే అనుకోండి, అప్పుడు ఇదే ధర్మాసనం ఏమనేదో తెలుసుకోడానికి గమ్ము నమలక్కర్లేదు: “స్కాగిన్స్ లేని పజిల్ ఏజెంటా? ఆత్మ చచ్చిపోయింది.”

ఆత్మ అన్నది వీళ్ళకు మహా ఇష్టమైన మాట. మొదటి భాగంలో అది ఉంటుంది. రెండో భాగంలో ఉండదు. ఎక్కడ ఉండేదో, ఎప్పుడు ఎగిరిపోయిందో పోస్ట్‌మార్టం చేసి చెప్పమంటే చెప్పలేరు. పోయిందన్న కబురు మాత్రం ఖాయంగా చెబుతారు.

ఇక్కడ మన చందమామను తలుచుకోకుండా ఉండలేను. అసలు బేతాళ కథలు పాతిక. చందమామ వాళ్ళు వాటిని అక్కడితో ఆపలేదు. దశాబ్దాల పాటు నెలనెలా కొత్త కథ అల్లుతూనే పోయారు. అదే చెట్టు, అదే శవం, అదే భుజం. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న అదే బెదిరింపు. నోరు విప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కడం. శంకర్ గీసిన విక్రమార్కుడు కత్తి దించకుండా అలా నడుస్తూనే ఉన్నాడు. చిక్కుముడీ రహస్యమూ విడ్డూరమూ కలిసిన సీక్వెల్ అంటే అంతకు మించినది ప్రపంచంలో ఏదైనా ఉందా? “శ్మశానం బ్యాక్‌గ్రౌండు రిపీటైంది” అని ఒక్క పిల్లాడైనా మొహం చిట్లించాడా? చిట్లించలేదు, ఎందుకంటే వాడు చదవడానికి కూచున్నాడు, తీర్పు చెప్పడానికి కాదు.

రెండో ఫిర్యాదు దగ్గర కాస్త నిదానించాలి. దీన్లోనే మర్మమంతా ఉంది. మొదటి ‘పజిల్ ఏజెంట్’ ముగింపులో ముడి పూర్తిగా వీడలేదు. మరుగుజ్జులు ఎవరు, ఏం కావాలి వాళ్ళకు, ఫోర్‌మన్ గతేమిటి, ఏదీ తేలకుండానే తెర పడింది. అప్పుడు ప్లేయర్లు గగ్గోలు పెట్టారు. డబ్బులు పెట్టి కొన్నాం, జవాబేది? మోసం! సరేనని రెండో భాగంలో జవాబులు ఇచ్చుకుంటూ వచ్చారు. దాంతో గగ్గోలు రాగం మారింది. అన్నీ చెప్పేశారు, మిస్టరీ చచ్చిపోయింది, ఆ చెప్పిన కారణమూ చప్పగా ఉంది, అసలు చెప్పకుండా వదిలేసుంటే ఎంత బాగుండేది!

అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నవాడితో వేగొచ్చు. కనీసం వాడికి రెండు కోరికలున్నాయని వాడికి తెలుసు. వీళ్ళకు అదీ తెలీదు. రహస్యం తెలియాలి, తెలిశాక కూడా అది రహస్యంగానే ఉండాలి. ఇలాంటి గిరాకీని తీర్చగల వ్యాపారి భూమ్మీద పుట్టలేదు. పుట్టినా వాడి సరుకుకు ఒక చుక్క తగ్గించి రేటింగు ఇస్తారు.

ఇది స్కాగిన్స్ ఒక్క ఊరి గోల అనుకునేరు. రాన్ గిల్బర్ట్‌ను అడగండి. 1990లో ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’, 1991లో దాని రెండో భాగం చేసి, ఆ రెండో దాని చివర ఎవరికీ అంతుపట్టని మెలిక ఒకటి పెట్టి, ఆయన తన దారిన తాను పోయాడు. తర్వాతి భాగాలు వేరేవాళ్ళు చేశారు. వాటిలో ఒకటి, 2009 నాటిది, మన టెల్‌టేల్ వాళ్ళదే. ముప్ఫై ఏళ్ళ పాటు జనం ఒకటే జపం: గిల్బర్ట్ తిరిగి రావాలి, ఆ మెలిక విప్పాలి, ఆ దీవి రహస్యం ఏమిటో ఆయన నోటే వినాలి. వచ్చాడు. 2022 ఏప్రిల్ 1న ప్రకటించాడు. అబద్ధమేమో అనుకున్నవాళ్ళు కూడా నిజమని తెలిశాక ఆనందబాష్పాలు రాల్చారు. జూన్ నెలాఖరుకు గేమ్ ఎలా ఉంటుందో చూపించే ట్రైలర్ వదిలారు.

బాష్పాలు అక్కడే ఆవిరైపోయాయి. బొమ్మలు నచ్చలేదు! రెక్స్ క్రౌల్ అనే చిత్రకారుడి కోణాల గీతలు చూసి భక్తులకు పూనకం వచ్చింది. ఇది మంకీ ఐలాండ్ కాదు, మా బాల్యాన్ని పాడుచేశారు, పిక్సెల్ బొమ్మలు ఏవీ? విమర్శ అంతటితో ఆగినా పోనీ అనుకోవచ్చు. వ్యక్తిగత దూషణలు తోసుకొచ్చాయి. గిల్బర్ట్ విసిగిపోయి తన బ్లాగులో వ్యాఖ్యలకు తలుపు మూసేశాడు. ఇక ఈ గేమ్ గురించి ఇక్కడేమీ రాయనని చెప్పి ఊరుకున్నాడు. మూడు దశాబ్దాలు ‘రా రా’ అని పిలిచి, వచ్చిన మనిషిని గడప దాటకముందే తరిమికొట్టడం అభిమానంలో కొత్త పద్ధతి కాబోలు.

ఇంతకీ వాళ్ళ ప్రాణప్రదమైన ఆ అసలు బొమ్మల సంగతి చూడండి. మొదటి భాగం తొలి రూపంలో ఉన్నవి పదహారు రంగులు. ఏడాది తిరిగాక రెండో భాగానికి కాగితం మీద చేత్తో రంగులు వేసి, స్కాన్ చేసి ఎక్కించారు. అంటే రెండో అడుగులోనే బొమ్మల తీరు మారింది. 1997లో వచ్చిన మూడోది చూస్తే కార్టూన్ సినిమా. 2000లో వచ్చిన నాలుగోది త్రీడీ. మారకుండా ఉన్న బొమ్మలంటూ ఆ పరంపరలో ఏనాడూ లేవు. కానీ అభిమాని మనసులో ఒకే ఒక ‘అసలైన’ బొమ్మ ఉంటుంది. వాడికి పన్నెండేళ్ళప్పుడు తెర మీద ఏది కనబడిందో అదే శాస్త్రం. తన వయసును కళాసిద్ధాంతంగా మార్చుకోగల తెలివి మనిషికి ఒక్కడికే ఉంది.

పజిళ్ళ విషయంలో ఈ తెలివి ఇంకా ముదిరింది. “ఈ రోజుల్లో పజిళ్ళు మరీ తేలికైపోయాయి, హింట్లు నోట్లో కుక్కుతున్నారు, మా కాలంలో అలా కాదు” అంటారు. వాళ్ళ కాలాన్ని నేను కాస్త తవ్వి చూపిస్తాను. 1991 నాటి ఆ మంకీ ఐలాండ్ రెండో భాగంలోనే, కొత్తవాళ్ళ కోసం, పజిళ్ళు తగ్గించిన ‘లైట్’ పద్ధతి ఒకటి పెట్టారు. ఇక ‘కష్టమైన’ పద్ధతిలో ఒక చోట జలపాతం కట్టేయాలంటే బిగుసుకుపోయిన కోతిని పానాలా వాడాలి. ఎందుకయ్యా అంటే అమెరికా వాళ్ళు ఒక రకం పానాను కోతి పేరుతో పిలుస్తారు కాబట్టి. ఆ పేరు తెలియని దేశాల పిల్లలు ఎన్ని రాత్రులు ఆ జలపాతం ముందు కూచున్నారో దేవుడికే తెలియాలి. ఇవాళ నెరిసిన జుట్టుతో అదే పిల్లలు ఆ కోతిని స్వర్ణయుగపు మేధకు గుర్తుగా చెప్పుకుంటున్నారు. ఆ రోజుల్లో జవాబు ఫోన్ చేసి అడిగారో, అన్నయ్య దగ్గర తెలుసుకున్నారో, పత్రికలో చూశారో మాత్రం చెప్పరు.

‘పజిల్ ఏజెంట్ 2’ మీద కూడా ఇదే ద్వంద్వ గానం. ఒకడు పజిళ్ళు చిన్నపిల్లల స్థాయిలో ఉన్నాయంటాడు. ఇంకొకడు ప్రశ్న అర్థమై చావలేదు, నియమాలు సరిగా రాయలేదంటాడు. ఇద్దరూ ఒక్కడే అయిన సందర్భాలూ లేకపోలేదు. వచ్చినవన్నీ మరీ సులువు, రానివన్నీ రాసినవాడి తప్పు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతకు ఇంతకన్నా మంచి లక్ష్యం దొరకదు. హాస్యమేమిటంటే ఈ విమర్శకులు హింట్లు వాడినందుకు సిగ్గుపడతారు. ఎంగిలి గమ్ము నమిలిన టెథర్స్‌కు లేని సిగ్గు వీళ్ళకెందుకు? అతను గవర్నమెంటు ఉద్యోగి, ప్రజల సొమ్ముతో తప్పు జవాబు చెప్పినా ధీమాగా ఇంకోసారి ప్రయత్నిస్తాడు.

న్యాయంగా మాట్లాడాలంటే మాత్రం ఒప్పుకోవాల్సింది ఉంది. టెథర్స్ రెండో యాత్రలో పజిళ్ళు నిజంగానే పలచబడ్డాయి. ఒకే అచ్చులో పోసినవి మళ్ళీ మళ్ళీ తగులుతాయి. కొన్నిటి నియమాలు మున్సిపాలిటీ నోటీసులంత స్పష్టంగా ఉన్నాయి. ఏడాదిలో తయారుచేసిన సంగతి అక్కడక్కడా కుట్లు ఊడి కనబడుతుంది. ఇది అసలైన విమర్శ, గేమ్ ఆడి చేసిన విమర్శ. దీన్ని చెప్పిన ప్లేయర్లు ఉన్నారు, వాళ్ళకు నమస్కారం. నా గొడవ వాళ్ళతో కాదు. ఆ నాలుగు మంచి మాటల్ని తొక్కుకుంటూ ఊరేగే పల్లకీతో.

ఆ పల్లకీలో గడియారం పట్టుకుని కూచున్నవాడొకడు ఉన్నాడు. వాడి లెక్క డబ్బుల్ని గంటలతో భాగించడం. నాలుగు గంటల్లో అయిపోయింది, కాబట్టి దండగ. అదే నలభై గంటలు సాగితే అనవసరంగా సాగదీశారంటాడు. చిన్న కథను కొలవడానికి నవల బరువు తూకంరాయిగా పెట్టుకున్న ఇతగాడు, ఆ నాలుగు గంటల్లో నవ్వాడా, వెనక్కి తిరిగి చూశాడా, ఆ మరుగుజ్జు ఒక్క క్షణం కిటికీలో కనబడి మాయమైనప్పుడు వెన్ను జలదరించిందా అంటే చెప్పడు. ఆనబుల్ బొమ్మల్లో గుడ్లప్పగించి చూసే ఆ చుక్కల కళ్ళు, మాటకూ మాటకూ మధ్య ఇబ్బందిగా సాగే మౌనం, ఇవి నిమిషాల్లో తూగే సరుకు కాదు మరి.

ఇక ‘జీరో ఎస్కేప్’ భక్తుల భాగోతం చెప్పకపోతే పాపం తగులుతుంది. కొటారో ఉచికోషి అనే జపాన్ రచయిత, మనుషుల్ని గదుల్లో బంధించి తాళాలు విప్పించే కథలు రాస్తాడు. 2012లో రెండో భాగం వచ్చింది. కథ సగంలో, గుండె గొంతులో ఉండగా ఆగింది. జపాన్‌లో అమ్మకాలు లేవు. మూడోది నిరవధికంగా ఆగిపోయిందని 2014 ఫిబ్రవరిలో ఆయనే చెప్పాడు. అప్పుడు అభిమానులు ‘ఆపరేషన్ బ్లూబర్డ్’ అని ఉద్యమం లేవదీశారు. ఉద్యమం అంటే ఉద్యమమే. వాళ్ళ పట్టుదల చూసి ముచ్చటేసింది. మరుసటి ఏడాది జులైలో లాస్ ఏంజలెస్‌లో మూడో భాగం ప్రకటించినప్పుడు హాలు హాలంతా ఊగిపోయింది. 2016 జూన్‌లో ‘జీరో టైమ్ డైలమా’ వచ్చింది.

వచ్చాక? బొమ్మల నడకలు కొయ్య నడకలని ఒకరు. చదువుకునే కథను సినిమా చేసి చెడగొట్టారని ఒకరు. ఒక నత్త వల్ల ప్రపంచ చరిత్ర దారి తప్పిందంటే నమ్మమంటారా అని ఇంకొకరు. అయ్యా, మొదటి రెండు భాగాల్లో కాలంలో ముందుకూ వెనక్కూ మనసుల్ని పంపించినప్పుడు కిమ్మనకుండా నమ్మినవాళ్ళు మీరే కదా. నత్త దగ్గర శాస్త్రజ్ఞానం గుర్తొచ్చిందా? నడకల విషయంలో మాత్రం వాళ్ళది అబద్ధం కాదు, ఆ బొమ్మలు మోకాళ్ళ నొప్పులున్నట్టే నడుస్తాయి. అయితే అమ్ముడుపోని కథకు బతిమాలి తెప్పించుకున్న ముగింపు అది. దానికి పట్టుబట్టలు కట్టలేదని వియ్యాలవారిలా అలిగితే ఎలా?

ఉచికోషి గారు పాఠం నేర్చుకున్నారనే చెప్పాలి. 2022లో వచ్చిన ‘ఏఐ: ది సోమ్నియం ఫైల్స్’ రెండో భాగంలో ఆట మొదలవకముందే ఒక పరీక్ష పెట్టారు. మొదటి భాగం ఆడారా, అందులో ఫలానా సంగతేమిటి అని ప్రశ్నలు. సరిగ్గా చెప్పలేదో, పాత కథ గుట్టు బయటపడకుండా మాటలు మార్చి నడిపిస్తారు. సగానికి నిలువునా చీలిన శవం, ఒక సగం ఆరేళ్ళ కిందట, రెండో సగం ఆరేళ్ళ తర్వాత, కుళ్ళకుండా తాజాగా. ఇంత విచిత్రమైన హత్యకు మించిన మేధ ఆ పరీక్ష పెట్టడంలో ఉంది. కొత్తవాడి ఆనందం చెడకూడదు, పాతవాడూ అలగకూడదు. ఫలితం మీరు ఊహించగలరు. కొత్తవాడు సుఖంగా ఆడుకున్నాడు. పాతవాడు అలిగాడు: మా మొదటి కథ జరగనట్టే నడిపించారేం?

ఇక్కడ తయారీదారులకూ రెండు అంటించకపోతే పక్షపాతం అవుతుంది. ‘డెడ్లీ ప్రిమనిషన్’ అని 2010లో ఒక గేమ్ వచ్చింది. ఎఫ్‌బీఐ మనిషి, అడవి పక్క పల్లెటూరు, కాఫీలో కనబడే జోస్యం. ఒక పత్రిక పదికి రెండు మార్కులేసింది, ఇంకొకటి పదికి పది వేసింది. విమర్శకుల్ని అంతగా చీల్చినందుకు గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. ఆ గేమ్ సాంకేతికంగా కుంటుతుంది. కుంటడమే దాని నాట్యమని అభిమానులు నిర్ణయించారు. 2020 జులైలో లూసియానా నేపథ్యంగా రెండో భాగం వచ్చింది. అదీ కుంటింది, ఇంకా ఎక్కువ కుంటింది. స్కేట్‌బోర్డు ఎక్కి ఊళ్ళో తిరుగుదామంటే బొమ్మ ఆగాగి ఎక్కిళ్ళు పెట్టింది. వీధి చివరికి వెళ్ళేలోపు మనకు ముసలితనం వచ్చేది. అభిమానులు ముందేమో పాత అలవాటు కొద్దీ కళ్ళకు అద్దుకోబోయారు. తర్వాత ఆలోచించుకుని, మొదటిసారి కుంటింది అమాయకత్వంతో, ఈసారి కుంటింది బద్ధకంతో అని తేల్చారు. కుంటు చూసి కాలి లోపల ఉద్దేశం కనిపెట్టగల ఈ దివ్యదృష్టి టెథర్స్ విభాగంలో రెండో ఉద్యోగం ఇవ్వడానికి పనికొస్తుంది. ఆ రెండో భాగం తయారీ నాసిగా ఉందన్నది నిజం. దాన్ని అమ్మినవాళ్ళు అభిమానం మీద పెట్టుకున్న ధీమాతోనే అమ్మారన్నది నా అనుమానం. మొదటిదాన్ని ఆకాశానికెత్తి ఆ ధీమా వాళ్ళకు అప్పిచ్చిందెవరు?

అందరిలోకీ గడుసువాడు కజుటాకా కొడాకా. ‘డంగన్‌రోంపా’ గేముల సృష్టికర్త. 2017 నాటి ‘వీ3’ చివర్లో ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. ఇన్నేళ్ళయ్యాక స్పాయిలరని అరిస్తే చెవి వినబడనట్టు ఊరుకుంటాను. బడిపిల్లలు ఒకరినొకరు చంపుకునే ఆ ఆట, ప్రేక్షకులు ఇంకా కావాలి, ఇంకా కావాలి అంటూ ఉంటే సీజన్ల కొద్దీ సాగిస్తున్న వినోద కార్యక్రమమని బయటపెట్టాడు. పేరులోని ఆ ‘వీ3’ యాభైమూడట! అంటే యాభైమూడో సీజను. మీరు సీక్వెల్ అడుగుతూ ఉన్నంతకాలం ఈ పిల్లలు చస్తూనే ఉండాలి, ఇక ఆపండి అని సీక్వెల్ కొన్నవాడి మొహం మీదే చెప్పాడు. దెబ్బ తగిలింది. మా ప్రేమను అవమానించాడు, పాత పాత్రల్ని కల్పితాలన్నాడు అని ప్లేయర్లు లబోదిబోమన్నారు. వీడియోగేమ్ పాత్రలు కల్పితాలని తెలిసి అంతమంది పెద్దవాళ్ళు ఒక్కసారిగా తల్లడిల్లిన సందర్భం చరిత్రలో మరొకటి ఉండదు. ఆ తల్లడిల్లడం అయ్యాక వాళ్ళు అడిగిందేమిటి? ఇంకో భాగం ఎప్పుడని.

లాత్వియాలో ఇద్దరు అన్నదమ్ములు చేసిన ‘గోల్డెన్ ఐడల్’ మాట కూడా ఒక్క ముక్కలో. మొదటిది పద్దెనిమిదో శతాబ్దం, వికారపు మొహాలు, పెద్దపెద్ద పిక్సెళ్ళు. 2024లో రెండోది 1970లకు దూకింది, బొమ్మలు నునుపయ్యాయి. ఊరు మార్చలేదని టెథర్స్‌ను తిట్టారు కదా. వీళ్ళు శతాబ్దాలే మార్చారు. ఆ పాత మురికి మొహాలే బాగున్నాయని విచారించినవాళ్ళు ఇక్కడా తగిలారు.

ఇంతకీ వీళ్ళందరికీ ఏం కావాలో నాకు స్కాగిన్స్ ఫ్యాక్టరీ గేటు దగ్గరే అర్థమైంది. రబ్బరు కావాలి. చిక్కుప్రశ్నకు ఒక చావు ఉంది, జవాబు తెలియడం. హత్య ఎవరు చేశారో తెలిసినవాడు తెలియనివాడిగా మళ్ళీ మారలేడు. మొదటి గేమ్ వీళ్ళ చేతిలో పెట్టింది పజిళ్ళను కాదు, ఏం జరగబోతోందో తెలియని ఒక రాత్రిని. సీక్వెల్ చేసేవాడు మరో ఊరు ఇవ్వగలడు, మరో శవం ఇవ్వగలడు, మరో నత్తను ఇవ్వగలడు. వీళ్ళ బుర్రలో మొదటి భాగం రాసిన గీతల్ని చెరిపి తెల్లకాగితం చేసి ఇవ్వలేడు. ఆ పని చేయగల రబ్బరు వైట్‌హౌస్‌కు కూడా సరఫరా కాలేదు. అది చేతికి రాలేదన్న దుఃఖాన్ని వీళ్ళు రివ్యూ అంటారు. కింద ఆడిన గంటలు కూడా రాస్తారు.

మనసులో మాట సూటిగా చెప్పేవాడు ఒక్కడు దొరికినా ఈ పాటికి నేను కలం మూసేసేవాణ్ణి. “నేను పెద్దవాణ్ణయ్యాను, మునుపటిలా దేనికీ జడుసుకోవడం లేదు, ఒక పజిల్ దగ్గర పది నిమిషాలు కూచోలేకపోతున్నాను, మధ్యలో ఫోన్ చూస్తున్నాను. గేమ్ ఎలా ఉందో నాకు సరిగ్గా తెలీదు” అని రాసిన ప్లేయరు రివ్యూ ఒక్కటి చూపించండి. దానికి నేను అయిదు చుక్కలు వేస్తాను.

తయారీదారు బతుకు ఏమైందంటారా? టెల్‌టేల్ వాళ్ళు 2012లో ‘ది వాకింగ్ డెడ్’ చేసి పైకెక్కారు. ఎక్కాక అదే ఒరవడిలో సీక్వెల్ వెంట సీక్వెల్ చేస్తూ పోయారు. 2018 సెప్టెంబరులో ఒక్కరోజే ఉద్యోగుల్లో పిడికెడు మందిని తప్ప అందర్నీ ఇంటికి పంపేసి చేతులెత్తేశారు. ఆనబుల్ సినిమాల వైపు వెళ్ళి, 2014లో ‘ది బాక్స్‌ట్రోల్స్’కు దర్శకుల్లో ఒకడై, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. అక్కడ ఎవరూ ఆయన్ను గంటకు ఎంత పడిందని అడిగినట్టు లేరు.

‘పజిల్ ఏజెంట్ 3’ రాలేదు. దాంతో దాని పరువు పెరిగిపోయింది. అందులో పజిళ్ళు సరిగ్గా ఉండాల్సినంత కష్టంగా ఉన్నాయి, నిడివి అతికినట్టు సరిపోయింది, ముగింపు చెప్పీ చెప్పకుండా అద్భుతంగా ఉంది. రెండో భాగాన్ని చీల్చి చెండాడినవాళ్ళే ఇప్పుడు “అంత మంచి సిరీస్‌ను మధ్యలో ఎందుకు ఆపేశారో” అని నిట్టూరుస్తున్నారు. ఎవరైనా పాత హక్కులు వెతికి పట్టుకుని తీస్తే తొలిరోజే కొంటామని మాట కూడా ఇస్తున్నారు. షరతులు పెద్దగా ఏమీ లేవట. టెథర్స్ గొంతు మార్చకూడదు, వయసు పెంచకూడదు, గీత కూడా కదపకూడదు. కాకపోతే ఈసారి కాస్త కొత్తగా ఏమైనా చేయాలి.